గేరు బాక్సు కింద నేర్చుకున్న పాఠాలు

మా మెట్‌పల్లిలో గల్ఫ్‌కు మనిషి పోని ఇల్లు వెతికితే గాని దొరకదు. నేనూ పోయినవాణ్నే. అంతకు ముందు 63వ నంబరు జాతీయ రహదారి మీద లారీ క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా బతికాను. అప్పట్లో ఆ రోడ్డు నంబరు 16. షార్జా సనాయలో, అంటే పారిశ్రామికవాడలో, ఒక షెడ్డులో చేరాక గేరు బాక్సులు దించడం, విప్పడం, ఎక్కించడమే నా పనైంది. లారీ డ్రైవరుకు కలలో కూడా రాని కార్లు మా లిఫ్టు మీదికి వచ్చేవి. వాటిని నడిపింది తక్కువ, కింద నిలబడి చూసింది ఎక్కువ. ఇప్పుడు ఊళ్లో కూర్చున్నాక, టర్బో కార్లు కొనబోయే పోరగాళ్లు వచ్చి అడుగుతున్నారు: "పెద్దబాపూ, ఆటోమేటిక్ తీసుకోవాల్నా, మాన్యువల్ తీసుకోవాల్నా?" నిలబడి చెప్పే జవాబు కాదు కనుక కూర్చుని రాస్తున్నాను.

1. పందెంలో చెయ్యి ఎప్పుడో ఓడింది.

ఈ మాట ఒప్పుకోవడానికి మా తరం మెకానిక్కులకు మనసొప్పలేదు. 1989 మార్చిలో బ్రెజిల్ గ్రాండ్ ప్రీకి ఫెరారీ ఒక కొత్త కారును తెచ్చింది. గీసినవాడు జాన్ బర్నార్డ్. అందులో గేరు రాడ్డు లేదు. స్టీరింగు వెనక రెండు పాడిల్స్ ఉంటాయి, వేలితో లాగితే హైడ్రాలిక్కులు గేరు మారుస్తాయి. పరీక్షల్లో పదేపదే మొరాయించిన ఆ బాక్సు పందెం చివరిదాకా నిలుస్తుందని సొంత జట్టుకే నమ్మకం లేదు. నైజెల్ మాన్సెల్ దాంతోనే గెలిచాడు. కొన్నేళ్లు తిరిగేసరికి ఫార్ములా వన్‌లో గేరు రాడ్డు కనబడకుండా పోయింది.

రోడ్డు కార్లలోనూ కథ అంతే. ఇప్పటి తరం పోర్షే 911 జీటీ3 సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మాన్యువల్‌తో 3.9 సెకన్లు, రెండు క్లచ్చుల పీడీకేతో 3.4 సెకన్లు పడుతుందని కంపెనీయే చెబుతుంది. ఇంజను అదే, కారు అదే. ఆ అర సెకను ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరుకైనా దొరకదు. కాబట్టి మాన్యువల్ వేగమని ఎవరైనా అంటే వాదించకు, వాళ్లు పాత లెక్క చెబుతున్నారు. ఆ అర సెకను మన కోరుట్ల రోడ్డు మీద ఎందుకు పనికొస్తుందని మాత్రం ఎదురు అడుగు. కోతల కాలంలో ఆ రోడ్డు సగం ఆరబోసిన వడ్లే. మిగిలిన సగం మీద లైట్లు లేని ట్రాక్టర్లు.

2. ఆటోమేటిక్ అంటే ఒక బాక్సు కాదు.

కొనేవాళ్లలో నూటికి తొంభైమందికి ఈ సంగతి తెలియదు, అమ్మేవాడు చెప్పడు. క్లచ్ పెడలు లేనంత మాత్రాన అన్నీ ఒక జాతివి కావు. లోపల మూడు వేర్వేరు యంత్రాలున్నాయి. సీవీటీ అని నాలుగోది కూడా ఉంది గాని, వేగం మోజున్నవాడు దాని జోలికి పోడు.

మొదటిది టార్క్ కన్వర్టరు. ఒక ఫ్యాను ఎదురుగా ఇంకో ఫ్యాను పెట్టి మొదటిదాన్ని తిప్పితే ఆ గాలికి రెండోది తిరుగుతుంది చూడు, అట్లాంటిదే, గాలికి బదులు ఆయిలు ఉంటుంది. ఇంజనుకూ చక్రాలకూ మధ్య ఇనుము ఇనుమును పట్టుకోదు కనుక మెత్తగా కదులుతుంది, ట్రాఫిక్కును ఓర్చుకుంటుంది. మా కాలంలో దీన్ని ముసలివాళ్ల బాక్సు అని తీసిపారేసేవాళ్లం. యాక్సిలరేటరు తొక్కితే ముందు ఇంజను అరుస్తుంది, ఆ తర్వాత బండి కదులుతుంది. ఇప్పుడా మాట చెల్లదు. కదలగానే లోపలి లాకప్ క్లచ్ పట్టుకుంటుంది, జారడం ఆగుతుంది. 2017లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో రెండు క్లచ్చుల బాక్సును తీసేసి జెడ్ఎఫ్ వారి ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టరు పెట్టారు. ముసలివాళ్ల బాక్సు పహిల్వాన్ల కారులోకి ఎక్కింది.

రెండోది రెండు క్లచ్చులది. ఒక క్లచ్ మీద 1, 3, 5 గేర్లు, ఇంకో దాని మీద 2, 4, 6. నువ్వు మూడులో పోతుండగానే నాలుగు సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే ఇంకోటి పట్టుకుంటుంది కాబట్టి మధ్యలో శక్తి తెగదు. మామూలు జనం కొనే కారులో దీన్ని 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32కు మొదట పెట్టారు.

మూడోదాని కథ నాకు ఇష్టం. బాక్సు అచ్చం మాన్యువలే, క్లచ్ ఒక్కటే. కాలూ చెయ్యీ చేసే పనిని పంపూ వాల్వులూ చేస్తాయి. 1997లో ఫెరారీ ఎఫ్355కు ఆ సరంజామా చేసిచ్చింది మాగ్నెటి మారెల్లి అనే ఇటలీ కంపెనీ. సనాయలో ఆ కారు వచ్చిందంటే పక్క షెడ్లవాళ్లు కూడా వచ్చి నిలబడేవాళ్లు. 2014లో మారుతి సెలెరియోకు ఏఎంటీ చేసిచ్చింది కూడా అదే కంపెనీ. ఈ రోజు మన కొత్త బస్టాండు దగ్గర సెలెరియో ఏఎంటీ గేరు మారేటప్పుడు కాస్త ఆగి, తల ఊపి ముందుకు పోతుంది గదా, ఆ ఫెరారీ కూడా అట్లాగే ఊపేది. డబ్బున్నవాళ్లు దాన్ని రేసు కారు లక్షణం అనుకున్నారు. సెలెరియోలో అదే ఊపును లోపం అంటున్నారు.

ఈ ఒంటి క్లచ్ బాక్సులను మా దగ్గరకు తెచ్చింది వేగం కాదు, ట్రాఫిక్కు. షేక్ జాయెద్ రోడ్డు మీద సాయంత్రం అంగుళం అంగుళం కదిలేటప్పుడు ఆ పంపు క్లచ్చును హాఫ్‌లో పట్టి ఉంచుతుంది. ఇంటి ముందు ర్యాంపు మీదికి రివర్సులో ఎక్కించడం ఇంకా హీనం. టెస్టరు తగిలిస్తే క్లచ్ ఎంత అరిగిందో శాతంలో చూపిస్తుంది. ఆ అంకె చూసి అర్బాబుల, అంటే అక్కడి యజమానుల, మొహాలు వాడిపోయేవి.

3. మాన్యువల్ నీ చేతిని నమ్ముతుంది, అదే దాని ప్రమాదం.

ఇంజను మరీ వేగంగా తిరగకుండా కంప్యూటరు ఇంధనం ఆపేస్తుంది, అందుకే ఇంజనుకు భయం లేదని కుర్రాళ్ల ధీమా. పై గేరుకు పోయేటప్పుడు అది నిజం. కింది గేరుకు తప్పుగా వేసినప్పుడు ఇంజనును తిప్పేది ఇంధనం కాదు, చక్రాలు. కంప్యూటరు చూస్తూ ఊరుకోవాల్సిందే. మూడో గేరులో 7000 తిరుగుళ్ల దగ్గర నాలుగుకు వేయబోయి రెండుకు లాగావనుకో, ఇంజను 10,000 దాటుతుంది. వాల్వు మూసుకునేలోపే పిస్టను పైకి వచ్చి గుద్దుతుంది.

ఇది ఎట్లా జరుగుతుందో దగ్గరగా చెబుతాను. రెండో గేరూ నాలుగో గేరూ కిందికి లాగేవే, పక్కపక్కన ఉంటాయి. గల్ఫ్‌లో స్టీరింగు ఎడమవైపు, గేరు మార్చేది కుడిచెయ్యి. పిడికిలి బిగించి కంగారుగా లాగితే చెయ్యి సహజంగా ఒంటివైపుకు వస్తుంది, అంటే రెండో గేరు వైపుకు. అందుకని పట్టుకోవద్దు. అరచెయ్యి తెరిచి, ఒంటికి అవతలివైపు కాస్త ఒత్తుతూ, రాడ్డును దాని దారికి వదలాలి. లోపలి స్ప్రింగులు దాన్ని మధ్య వరుసకు తెస్తాయి. మన దేశంలో కూర్చునేది కుడివైపు, మార్చేది ఎడమచెయ్యి. ఒంటివైపు లాగితే రెండు రాదు, కానీ ఐదు నుంచి నాలుగుకు దిగేటప్పుడు చెయ్యి అవతలికి మరీ తోస్తే రెండే. అట్లా విరిగిన వాల్వులను సంపు విప్పి ఏరిన రోజులున్నాయి. కారు నడిపిన కుర్రవాడు "గేరు సరిగ్గా పడలేదు" అంటాడు. గేరు సరిగ్గానే పడింది, అడిగినదాంట్లోనే పడింది. పాడిల్స్ ఉన్న కారులో ఇదే తప్పు చేస్తే బాక్సు ఒక గంట కొట్టి ఊరుకుంటుంది, మాట వినదు.

4. ఘాటులో బాక్సును మరిచిపోకు.

నిర్మల్ దాటి ఆదిలాబాద్ పోయే దారిలో మహబూబ్ ఘాటు. లారీ రోజుల్లో డీజిలు మిగులుతుందని దాన్ని న్యూట్రల్‌లో దించేవాళ్లను చూశాను. బ్రేకులు కాలి వాసన వచ్చేది ముందు, ఆ తర్వాత బ్రేకు పెడలు మెత్తబడేది. మిగిలిన డీజిలు ఎవరికీ దక్కలేదు. ఇప్పటి ఇంజన్లలో ఆ లెక్క కూడా తప్పే. గేరులో ఉంచి కాలు తీసేస్తే ఇంజెక్టర్లు ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజను తిరగడానికి కొంత పోయాలి.

వేగం కార్లున్నవాళ్లకు ఇది వేరే రూపంలో ఎదురవుతుంది. డీలో పెట్టి దిగితే ఆటోమేటిక్ మైలేజీ చూసుకుని పై గేరుకు పోతుంది, ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీద. అక్కడ పాడిల్ లాగి మూడో, రెండో నువ్వే ఎంచుకోవాలి. పాడిల్స్ ఉన్నది సిగ్నల్ దగ్గర గొప్ప చూపించడానికి కాదు.

5. వేడిని ఎవడూ బ్రోచర్‌లో రాయడు.

మన రోహిణి కార్తెకూ గల్ఫ్‌లో ఆగస్టుకూ పెద్ద తేడా లేదు. రెండు క్లచ్చుల బాక్సుల్లోనే మళ్లీ రెండు రకాలున్నాయి. క్లచ్చులు ఆయిల్లో మునిగి ఉండేవి, పొడివి. ఆయిల్లో ఉన్నవి వేడిని వదిలించుకుంటాయి. పొడివి తేలిక, మైలేజీ బాగుంటుంది, కానీ ట్రాఫిక్కులో పాకేటప్పుడు పుట్టే వేడి అక్కడే ఉండిపోతుంది. 2013లో మన దేశానికి వచ్చిన ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐలో ఏడు గేర్ల డీఎస్‌జీ పొడి రకానిది. సెలెరియో లాంటి కార్ల నుంచి పైకి పోవాలనుకున్న తెలుగు కుర్రాళ్లు ఎందరో మోజుపడ్డ కారు అది. ఎక్కి నడిపితే మోజు ఎందుకో తెలుస్తుంది కూడా. అట్లాంటి బాక్సున్న కారులో ముందు బండితో పాటు జరుగుతూ పోవద్దు. ఆగి, కాస్త ఖాళీ వచ్చాక, ఒక్కసారి కదలాలి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనీ.

ఇసుకలో మాత్రం లెక్క తారుమారు. ఎడారి దిబ్బల మీద పాత నిస్సాన్ పాట్రోల్ మాన్యువల్లే మగవాడి బండి అని అక్కడి కుర్రాళ్లు ఒట్టేసి చెప్పేవాళ్లు. దిబ్బ ఎక్కేటప్పుడు గేరు మార్చడానికి క్లచ్ నొక్కిన ఆ క్షణంలోనే ఇసుక చక్రాలను పట్టేస్తుంది. మళ్లీ కదపడానికి హాఫ్ క్లచ్, కాలిన వాసన, సోమవారం మా షెడ్డు. టార్క్ కన్వర్టరు పాట్రోల్ ఏ గొడవా లేకుండా ఎక్కిపోయేది.

6. బాగుచేసేవాడు ఊరికి ఎంత దూరమో చూసి కొను.

ఇది రాయడానికి కలం ముందుకు సాగడం లేదు. మా అక్క కొడుకు ఫోన్ చేసి అడిగితే షార్జా నుంచే సలహా ఇచ్చాను: రెండు క్లచ్చులదే తీసుకో, దాన్ని మించింది లేదని. నా చుట్టూ టెస్టర్లు, విడిభాగాలు, పదిమంది పనివాళ్లు ఉన్న చోట నిలబడి చెప్పిన మాట అది. వాడుండేది మెట్‌పల్లిలో. కంపెనీ పేరు అనవసరం. ఒక ఎండాకాలం మీటరులో స్పానర్ బొమ్మ వెలిగింది. 1, 3, 5 గేర్లు పడుతున్నాయి, 2, 4, 6 లేవు. ఆ బాక్సులో రివర్సు కూడా సరిసంఖ్యల వైపు షాఫ్టు మీదే ఉంటుంది, అదీ పోయింది. కారును గోడకు ఎదురుగా పెట్టి ఉన్నాడు. వెనక్కి రాదు. నలుగురు పట్టి తోస్తే గాని గల్లీ దాటలేదు. హైదరాబాద్ దాకా బండి మీద ఎక్కించి పంపాలి, అక్కడ లోపలి కంట్రోలు యూనిట్ మార్చాలి. ఆ లెక్క విన్నాక వాడు కారును అమ్మేశాడు, నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే నాకు ఎక్కువ తగిలింది.

అదే మాన్యువల్‌లో క్లచ్ సెట్టు పోతే జగిత్యాలలోనో ఆర్మూరులోనో పొద్దున ఇస్తే సాయంత్రానికి చేతికొస్తుంది. ఇది మాన్యువల్ గొప్పతనం కాదు, మన ఊరి పరిస్థితి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ సెలవులకే ఊరికి వచ్చేవాడికి ఈ పాఠం సగమే వర్తిస్తుంది.

7. జీవితాంతం ఉండే ఆయిలు లేదు.

బాక్సు ఆయిలు మార్చనక్కర్లేదని చెప్పే కార్లున్నాయి. ఎవరి జీవితాంతమో వాళ్లు చెప్పరు. బాక్సు చేసే జెడ్ఎఫ్ అయితే తన ఆటోమేటిక్‌లలో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. గట్టిగా తొక్కేవాడు ముందే మార్చుకోవాలి.

8. చెయ్యి నేర్చుకున్నది కాలు మరిచిపోదు, ముందు మాన్యువలే నేర్చుకో.

దుబాయ్‌లో ఆటోమేటిక్ కారుతో పరీక్ష ఇస్తే లైసెన్సు ఆటోమేటిక్‌కే ఇస్తారు. దాంతో మాన్యువల్ బండి ముట్టుకోకూడదు. మన పిల్లలు తొందరగా పాసవుతామని అదే తీసుకుని, పికప్ నడిపే పని వచ్చినప్పుడు చేతులు నలుపుకుంటూ నిలబడతారు. పాత లారీల్లో సింక్రో ఉండేది కాదు. కింది గేరుకు దిగాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, ఒక రేసు ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. డబుల్ క్లచ్ అనేవాళ్లం. చదువురాని మా ఉస్తాదు బీడీ కాలుస్తూ, పాట పాడుతూ చేసేవాడు. తర్వాత ఆ కిటుకునే రేసు డ్రైవర్లు బ్రేకు మీద ముందుపాదం ఉంచి, మడమతో యాక్సిలరేటరు తట్టి చేస్తారని తెలిసి ఆశ్చర్యపోయాను. 2009 మోడల్ నిస్సాన్ 370జెడ్‌లో మాన్యువల్ కారుకే ఆ రేసు ఇచ్చే పనిని కంప్యూటరుకు అప్పగించారు. ఉస్తాదు అప్పటికి లేడు.

9. సరదా కోసమని ధైర్యంగా చెప్పు.

2013లో పోర్షే కొత్త జీటీ3ని పీడీకేతో మాత్రమే తెచ్చింది. వేగం చూసుకుంటే సరైన నిర్ణయమే. కొనేవాళ్లు మాత్రం అలిగారు. 2016లో మాన్యువల్ బాక్సుతో 911 ఆర్ అని 991 కార్లు చేస్తే హాట్ కేకుల్లా పోయాయి, పాత కార్ల బజారులో వాటి ధర కొత్త ధరను ఎన్నో రెట్లు మించింది. 2017 జీటీ3లో మాన్యువల్ మళ్లీ వచ్చింది. అర సెకను పోగొట్టుకోవడానికి జనం ఎదురు డబ్బు కట్టారు. నాకు ఇందులో తప్పేమీ కనబడదు. హార్మోనియం కన్నా కీబోర్డు తేలికని హార్మోనియం ఎవరూ పారేయరు.

కానీ ఆ సరదాకూ ఒక హద్దు ఉంది, అది ఇనుము పెట్టిన హద్దు. ఇప్పటి తరం బీఎండబ్ల్యూ ఎం3 మాన్యువల్‌లో వచ్చినప్పుడు 480 హార్స్ పవరు, 550 న్యూటన్ మీటర్ల టార్క్. 510 హార్స్ పవరు, 650 న్యూటన్ మీటర్లున్న కాంపిటీషన్ కావాలంటే ఆటోమేటిక్ ఒక్కటే. టార్క్ పెరిగేకొద్దీ క్లచ్ గట్టిపడాలి, స్ప్రింగు బిగియాలి, చివరకు నొక్కలేక నీ మోకాలే ముందు లొంగిపోతుంది. కాబట్టి మాన్యువల్ కావాలంటే మరీ బలమైన కారు వెతకొద్దు. 150 హార్స్ పవరు ఉన్న ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ ప్లస్‌లో ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది. ఆర్మూరు రోడ్డుకు అదే మస్తు. పెద్ద పవరు కావాలంటే బాక్సు పని బాక్సుకు వదిలెయ్యి.

10. ఈ తగువు ఎక్కువ కాలం ఉండదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన 'ఫార్ములా ఈ' అనే కరెంటు కార్ల పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నేను టీవీలో చూశాను, చెవులతో చూశానంటే సరిగ్గా ఉంటుంది. మలుపులోకి వచ్చేటప్పుడు బాక్సు దిగే చప్పుడు కోసం వేచి ఉన్నాను, రాలేదు. ఆ కార్లకు ఒక్కటే గేరు. కరెంటు మోటారు మొదటి తిరుగుడు నుంచే పూర్తి బలంతో లాగుతుంది, దానికి గేర్ల మెట్లు అక్కర్లేదు. వెనక చక్రాలకు మామూలు బ్రేకులు కూడా లేవు, మోటారే వెనక్కి కరెంటు తీసుకుంటూ ఆపుతుంది. 2014లో అదే పోటీ మొదలైనప్పుడు ఐదు గేర్ల బాక్సు ఉండేది. పదేళ్లు కూడా నిలవలేదు.

ఇంతలో హ్యుందాయ్ వాళ్లు అయోనిక్ 5 ఎన్ అని కరెంటు కారు తెచ్చి, లేని గేర్లను ఉన్నట్టు నటింపజేశారు. పాడిల్ లాగితే మోటారు క్షణం శక్తి తగ్గించి కుదుపు ఇస్తుంది, స్పీకర్లు ఇంజనులా అరుస్తాయి. మనవడు ఆ వీడియో చూపించి, "తాతా, ఇది ఆటోమేటికా, మాన్యువలా?" అని అడిగాడు. వాడికి జవాబు చెప్పలేదు. పోర్షే టైకాన్‌లో వెనక మోటారుకు నిజంగానే రెండు గేర్లున్నాయని మాత్రం చెప్పాను. సనాయలో నా చోట ఉన్న కుర్రవాడు దాని బాక్సు ఎట్లా దించాలో నేర్చుకుంటున్నాడట. మొన్న ఫోన్‌లో ఏ బోల్టు ముందు విప్పాలని నన్నే అడిగాడు, నాకు తెలియదని చెప్పాను.